నీళ్లు తేటగానే ఉన్నాయి, మరి చేపలెందుకు చనిపోతున్నాయి?

మన ఊళ్లలో తేలిగ్గా దొరికే చిన్న గాజు తొట్టి కొలత ఇది: పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 36. గుణిస్తే 64.8 లీటర్లు. అడుగున పోసిన ఇసుక, పేర్చిన రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే చేపలకు మిగిలేవి 50 లీటర్లే. ఉప్పునీళ్లు నింపి, మర్నాడే రెండు క్లౌన్ చేపల్ని, మూడు నీలం డ్యామ్సెల్ చేపల్ని వేశారనుకుందాం. నాలుగో రోజు ఒక డ్యామ్సెల్ చనిపోయింది. ఆరో రోజు ఇంకొకటి. కొన్న దుకాణంలో అడిగితే నీలిరంగు మందు సీసా చేతికిచ్చారు. పదో రోజుకు తొట్టిలో చేపలు లేవు. నీళ్లు మాత్రం మొదటి రోజు ఎంత తేటగా ఉన్నాయో అంతే తేటగా ఉన్నాయి.

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసే పని వారం ఆగి మళ్లీ ఐదు చేపలు కొనడం. దయచేసి ఆ పని చేయకండి. కారణం తెలియలేదని వదిలేసే చావుల్లో చాలా వాటికి కారణం దొరుకుతుంది. దాన్ని కళ్లతో కాక లెక్కతో వెతకాలి. ఆ లెక్క మొదలుపెట్టడానికి ఒక ప్రశ్న చాలు: చేప ఎప్పుడు చనిపోయింది? నీటిలో వేసిన మొదటి రెండు రోజుల్లోనా, మొదటి వారంలోనా, రెండు మూడు వారాల తర్వాతా, లేక ఉన్నవన్నీ ఒకే రాత్రిలోనా? తేదీ, సమయం, ఏ చేప ముందు, ఏది తర్వాత అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. మందు సీసా మూత తీసేది ఆ తర్వాతే.

ఉప్పునీటిలో వెసులుబాటు తక్కువ

గోల్డ్ ఫిష్, గప్పీలు పెంచినవాళ్లకు ఉన్న ధీమా ఇక్కడ పనికిరాకపోవడానికి రెండు అంకెలు కారణం.

మొదటిది ఆక్సిజన్. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో గాలి నుంచి కరగగలిగే ఆక్సిజన్ లీటరుకు 8.3 మిల్లీగ్రాములు. సముద్రమంత ఉప్పగా ఉన్న నీటిలో, అంటే లీటరుకు 35 గ్రాముల లవణాలున్న నీటిలో, అది 6.7 మాత్రమే. నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే 6.2కు దిగుతుంది. వేడి పెరిగేకొద్దీ చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, నీటిలో దొరికేది తగ్గుతుంది.

రెండోది అమ్మోనియా. చేప మొప్పల నుంచి వదిలేది, మిగిలిన మేత కుళ్లితే పుట్టేది ఇదే. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పల్ని కాల్చే అసలు అమ్మోనియా. ఇంట్లో వాడే టెస్ట్ కిట్ ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. ఆ మొత్తంలో విషరూపం వాటా ఎంతన్నది నీటి పీహెచ్ మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో అది 0.6 శాతం. పీహెచ్ 8.2 ఉన్న సముద్రపు నీటిలో సుమారు 6 శాతం. కిట్ రెండు తొట్లలోనూ లీటరుకు 1 మిల్లీగ్రాము అనే చూపించినా, సముద్రపు తొట్టిలో చేప మీద పడుతున్న విషం పది రెట్లు.

ఎంత విషం ఎక్కువ? అమెరికా పర్యావరణ సంస్థ 1989లో సముద్ర జీవుల కోసం పెట్టిన ప్రమాణం మనకు కొలబద్దగా ఉంది. విషరూపంలోని అమ్మోనియా నాలుగు రోజుల సగటున లీటరుకు 0.035 మిల్లీగ్రాములు, ఒక గంట సగటున 0.233 మించకూడదు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. ముందుముందు వీటితో పని ఉంది.

మొదటి రెండు రోజుల్లో పోతే

నీటిలో వేసిన కొన్ని గంటల నుంచి 48 గంటల లోపు చేప పోతే, రోగం కన్నా ముందు రవాణానీ ఉప్పదనాన్నీ అనుమానించాలి.

సముద్రపు చేప రక్తంలో లవణాల గాఢత చుట్టూ ఉన్న నీటిలో మూడో వంతే ఉంటుంది. అందుకని దాని ఒంట్లో నీరు ఎప్పుడూ బయటికి లాగబడుతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప ఉప్పునీరు తాగి, ఎక్కువైన లవణాన్ని మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. కొన్ని దుకాణాల్లో పరాన్నజీవులు తగ్గుతాయని, ఉప్పు ఖర్చు కూడా కలిసొస్తుందని నీటిని 25 పీపీటీ (వెయ్యి పాళ్లలో 25 పాళ్ల లవణం) దగ్గరే ఉంచుతారు. హైడ్రోమీటర్ భాషలో అది 1.019. మీ ఇంట్లో 35 పీపీటీ, అంటే 1.026. ఈ పది అంకెల తేడాను చేప అరగంటలో దాటలేదు. ఒంట్లో నీరు ఇంకిపోయి ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది, ఒంటి మీద మచ్చ కూడా కనిపించదు. కాబట్టి సంచి విప్పగానే కొలవాల్సింది మీ తొట్టి నీరు కాదు, సంచిలోని నీరు. తేడా 2 పీపీటీ మించితే చేపను విడిగా, దుకాణం నీటితో సమానంగా కలిపిన తొట్టిలో ఉంచి రోజుకు ఒకటి రెండు పీపీటీల చొప్పున పెంచాలి. తగ్గించడాన్ని చేప కాస్త ఓర్చుకుంటుంది కానీ పెంచడాన్ని ఓర్చుకోదు.

కొలిచే పరికరమే తప్పు చూపిస్తే ఈ జాగ్రత్తలన్నీ వృథా. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌లో ముల్లుకు గాలిబుడగ పట్టుకుంటే అది పైకి లేచి ఉప్పు ఎక్కువున్నట్టు చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటర్ మేలు. దాన్ని మంచినీటితో సున్నా చేసి ఊరుకోకుండా 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతో సరిచూడాలి.

ఇంకో పొరపాటు ఆవిరి దగ్గర జరుగుతుంది. తొట్టి నుంచి ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. 50 లీటర్లలో 35 పీపీటీ అంటే 1,750 గ్రాముల లవణం. ఎండాకాలంలో ఫ్యాను గాలికి 2 లీటర్లు ఆవిరైతే, ఆ 2 లీటర్లూ ఉప్పునీటితో నింపారంటే కొత్తగా 70 గ్రాములు చేరినట్టు. ఇలా ఐదుసార్లు చేస్తే 2,100 గ్రాములై నీరు 42 పీపీటీకి చేరుతుంది. ఎర్రసముద్రం కూడా అంత ఉప్పగా ఉండదు. ఆవిరైన చోట పోయాల్సింది ఉప్పు లేని శుద్ధమైన నీరు.

ఉప్పు సంగతీ చెప్పాలి. నౌపడ, చినగంజాం మళ్లలో పండే కళ్లుప్పు సముద్రం నుంచి వచ్చిందే అయినా అది సముద్రపు నీటికి బదులు కాదు. మళ్లలో నీరు ఇంకేటప్పుడు కాల్షియం జిప్సంగా ముందే విడిపోతుంది, మెగ్నీషియం చివర మిగిలిన చేదునీటిలో ఉండిపోతుంది. చేతికొచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు 1,290 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలి. అందుకే అక్వేరియం కోసం తయారుచేసిన ఉప్పునే, లీటరుకు 36 నుంచి 38 గ్రాముల చొప్పున కలుపుకోవాలి. బీచ్ నుంచి బిందెలతో నీళ్లు తెచ్చుకునేవాళ్లు మరో విషయం గమనించాలి. వరదల కాలంలో గోదావరి, కృష్ణ నీళ్లు కలిసే మన తీరంలో ఉప్పదనం 30 లోపుకు పడిపోవడం మామూలే.

దూరం నుంచి పార్సిల్‌లో వచ్చిన చేపలకు ఇంకో ప్రమాదం ఉంది. చాలామందికి దీని సంగతి తెలియదు. 24 గంటలు మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ 6.8 దాకా దిగుతుంది. అమ్మోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములు చేరిందనుకుందాం. ఆ పీహెచ్ దగ్గర విషరూపం 0.3 శాతమే, అంటే 0.012. చేప బతికే ఉంటుంది. సంచి విప్పి, జాగ్రత్త పేరుతో గంటల తరబడి చుక్క చుక్కగా తొట్టి నీరు కలిపితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ 8.2 వైపు పెరుగుతుంది, అదే 4 మిల్లీగ్రాముల్లో విషరూపం 0.24కు చేరుతుంది. ఇరవై రెట్లు! ఒక గంట ప్రమాణమైన 0.233 కూడా దాటినట్టే. అందుకని పార్సిల్ చేపకు సంచిని మూసే ఉంచి 15 నిమిషాలు తేలనిచ్చి వేడిమి సమానం చేయండి. విప్పగానే ఉప్పదనం కొలిచి, ముందే దానికి సరిపడేలా సిద్ధం చేసిన తొట్టిలోకి సంచి నీరు రాకుండా చేపను మాత్రం మార్చండి. ఇంటి పక్క దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన సంచికి ఈ భయం లేదు.

నాలుగో రోజు చావు

మొదట చెప్పిన తొట్టికి వద్దాం. ఐదు చేపలకు రోజుకు ఒక గ్రాము గుళికలు వేశారు, అంటే కాస్త ఎక్కువే. గుళికల్లో ప్రొటీన్ 45 శాతం. ఆక్వా రంగంలో వాడే సూత్రం ఒకటుంది: మేత బరువును ప్రొటీన్ వాటాతోనూ, దాన్ని 0.092తోనూ గుణిస్తే పుట్టే అమ్మోనియా నైట్రోజన్ వస్తుంది. 1 × 0.45 × 0.092 = 0.041 గ్రాములు, అంటే 41 మిల్లీగ్రాములు. 50 లీటర్లకు పంచితే లీటరుకు 0.8.

కొత్త తొట్టిలో దాన్ని తినే బాక్టీరియా ఇంకా లేదు. కాబట్టి మొదటి రోజు 0.8, రెండో రోజు 1.6, మూడో రోజు 2.4, నాలుగో రోజు 3.2. అందులో 6 శాతం విషరూపం: 0.05, 0.1, 0.14, 0.19. మొదటి రోజే 0.035 హద్దు దాటింది. నాలుగో రోజుకు 0.233 దగ్గరికి వచ్చింది. డ్యామ్సెల్ ఎందుకు చనిపోయిందో దీన్ని బట్టే తెలుస్తుంది. అమ్మోనియాకు రంగు లేదు, నీళ్లను మసకబార్చదు. నీటి తేటదనాన్ని చూసి ధైర్యపడటమే ఇక్కడ పెద్ద ప్రమాదం.

ఆరో రోజు రెండో చేప పోవడానికి మొదటి చేపే కారణం కావచ్చు. రాళ్ల వెనక చనిపోయిన 5 గ్రాముల చేపలో సుమారు 2.7 శాతం నైట్రోజన్ ఉంటుంది, అంటే 135 మిల్లీగ్రాములు. అంతా కుళ్లితే 50 లీటర్లలో లీటరుకు 2.7 మిల్లీగ్రాములు, మూడు రోజుల మేతకు సమానం. ఉదయం లెక్కపెడితే ఒక చేప తక్కువైందంటే రాళ్లు కదిలించైనా వెతికి తీయాలి. నేల మీదా చూడండి, పైన మూత లేని తొట్లలోంచి చేపలు దూకుతాయి.

అమ్మోనియాను తినే బాక్టీరియా ఎందుకు అంత ఆలస్యం? 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త ఈ జీవులు అమ్మోనియాను మండించుకుని ఆ శక్తితోనే బతుకుతాయని చూపించాడు. అది చాలా పేదరికపు బతుకు. మన పేగుల్లోని ఈ.కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. అమ్మోనియాను తినే నైట్రోసోమోనాస్‌కు రెట్టింపవడానికి కనీసం 8 గంటలు, మామూలుగా రోజు దగ్గర పడుతుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, దాన్ని నైట్రేట్‌గా మార్చే రెండో జట్టు ఇంకా నెమ్మది. అందుకే తొట్టి సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. విదేశాల్లో సముద్రం నుంచి తీసిన సజీవ శిలలు, అంటే బాక్టీరియా పట్టిన పగడపు రాళ్లు, వేసి ఈ కాలాన్ని తగ్గించుకుంటారు. మన దేశంలో రాతిపగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. కనుక మనం ఎండు రాయితోనో పింగాణీ ముక్కలతోనో మొదలుపెట్టి ఓపిక పట్టాల్సిందే.

చేపల్ని బలిపెట్టకుండా తొట్టిని సిద్ధం చేసే దారి ఉంది. 50 లీటర్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ కావాలంటే మొత్తం 100 మిల్లీగ్రాములు. అమ్మోనియం క్లోరైడ్‌లో నైట్రోజన్ 26 శాతం కాబట్టి 0.4 గ్రాములు వేస్తే చాలు. అది 24 గంటల్లో సున్నాకు దిగి, నైట్రైట్ కూడా సున్నా అయితే తొట్టి సిద్ధమైనట్టు. వారాలు గడవడం ఒక్కటే రుజువు కాదు, ఈ పరీక్షే రుజువు. దుకాణంలో ‘‘రెండు రోజులు నీళ్లు తిరగనిస్తే చాలు’’ అని చెబితే నమ్మకండి.

నైట్రైట్ గురించి కొత్తవాళ్లు అవసరం లేనంత భయపడతారు. మంచినీటి చేపకు అది ప్రాణాంతకమే. సముద్రపు నీటిలో మాత్రం లీటరుకు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది. అది మొప్పల దగ్గర నైట్రైట్‌కు దారి ఇవ్వదు. నైట్రైట్ కనిపిస్తే తొట్టి ఇంకా తయారు కాలేదని అర్థం. చేపను చంపింది అదేనని అనుకోనక్కర్లేదు.

అమ్మోనియా ఎక్కువైందని తేలితే ఏం చేయాలి? మేత ఆపండి. ఆరోగ్యంగా ఉన్న చేపకు రెండు రోజుల పస్తు హాని చేయదు. తర్వాత నీరు మార్చండి, అది కూడా లెక్కతో. 2.4 ఉన్న తొట్టిలో పదో వంతు మారిస్తే 2.16 అవుతుంది, చేపకు ఏమీ మారలేదు. సగం మారిస్తే 1.2, కొన్ని గంటల తర్వాత మళ్లీ సగం మారిస్తే 0.6. ఇందుకు ఇంట్లో ఎప్పుడూ 25 లీటర్ల ఉప్పునీరు సిద్ధంగా ఉండాలి, దానికి సుమారు 900 గ్రాముల ఉప్పు పడుతుంది. కొత్త నీటి వేడిమి, ఉప్పదనం పాత నీటితో సమానంగా ఉండేలా చూసుకోండి. కిట్ గురించి ఒక హెచ్చరిక: క్లోరిన్ తీసే మందు వేసిన నీటిని నెస్లర్ రకం కిట్‌తో పరీక్షిస్తే లేని అమ్మోనియా ఉన్నట్టు చూపించవచ్చు. సాలిసిలేట్ రకం నయం.

ఒకే రాత్రిలో అన్నీ పోతే

రాత్రి బాగున్న చేపలన్నీ తెల్లవారేసరికి చనిపోయి కనిపిస్తే అది అంటురోగం పని కాదు. రోగం ఒక్కొక్కటిగా తీసుకుపోతుంది. అన్నింటినీ ఒకేసారి చంపేది ఆక్సిజన్ లేమి, వేడి, విషం.

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల రైతులు తెల్లవారుజామున ఏరేటర్ల మీద కన్నేసి ఉంచుతారు. రాత్రంతా నాచు కూడా పీల్చడంతో చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకు దిగేది ఆ వేళే. ఇంటి తొట్టిలో నాచు అంత ఉండదు కాబట్టి ఇక్కడి ముప్పు కరెంటు కోతతో వస్తుంది. పంపు ఆగితే నీటి పైపొర కదలదు, గాలి కరగదు. మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టర్ లోపల పరిస్థితి ఇంకా త్వరగా చెడుతుంది. కొన్ని గంటల్లో లోపలి ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చనిపోతుంది, కరెంటు రాగానే ఆ మురుగు నీరంతా తొట్టిలోకి వస్తుంది. సుదీర్ఘ కోత తర్వాత ఫిల్టర్‌ను కడిగి మళ్లీ పెట్టాలి. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు కొనడం మందుల మీద పెట్టే ఖర్చు కన్నా ఎంతో మేలు.

హీటర్ లెక్క చూడండి. 50 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 200 కిలోజౌళ్లు కావాలి. 100 వాట్ల హీటర్ థర్మోస్టాట్ చెడి ఆగకుండా వెలుగుతూ ఉంటే, వేడి బయటికి పోకపోతే 35 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున పెంచుతుంది. 26 డిగ్రీల నుంచి 34కు ఐదు గంటలు చాలు. 200 వాట్లది కొంటే అందులో సగమే. చిన్న తొట్టికి పెద్ద హీటర్ వద్దనేది ఇందుకే. కోస్తాలో, తెలంగాణలో చాలా ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు హీటర్ అవసరమే ఉండదు, ఎండల్లో చల్లబరచడమే కష్టం. ఫ్యాను గాలి పొడి వాతావరణంలో రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది, విశాఖ ఉక్కపోతలో అంత తగ్గించలేదు. హీటర్ గాజు పగిలితే ప్రమాదం మీకు కూడా. నీటిలో చేయి పెట్టినప్పుడు జివ్వుమంటే ప్లగ్ కాదు, మెయిన్ ఆపండి. తొట్టి ఉన్న గదికి కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

విషాల్లో మన ఇళ్లకు దగ్గరది దోమల మందు. మ్యాట్‌లు, లిక్విడ్‌లు, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లు మనిషికి అంతగా హాని చేయవు. చేప ఒంట్లో మాత్రం వాటిని విరిచేసే శక్తి చాలా తక్కువ, లీటరు నీటిలో మైక్రోగ్రాముల పరిమాణమే చంపగలదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. గాలిపంపు పడక గదిలో ఉంటే రాత్రంతా ఆ గాలినే తొట్టిలోకి పంపుతుంది. పంపు గాలి పీల్చే చోటు వేరే గదిలో ఉండాలి, లేదా ఆ గదిలో మందుకు బదులు దోమతెర వాడాలి.

నీరు మార్చిన రోజు రాత్రే చేపలు పోతే క్లోరిన్‌ను పట్టుకోండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చేప మొప్పలకు అందులో పదో వంతే ఎక్కువ. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కానీ నైట్రేట్, గట్టిదనం ఉంటాయి. ఇంట్లో తాగే ఆర్‌వో నీరు వాడదామంటే, రుచి కోసం దానిలో కొంత మామూలు నీరు కలిపే ఏర్పాటు ఉంటుంది. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. అక్వేరియానికి ఆ అంకె సున్నాకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

మిగిలినవి ఏవి?

ఏది చనిపోయిందన్నది చూస్తాం, ఏది బతికిందన్నది చూడం. నత్తలు, రొయ్యలు, చేపలు అన్నీ పోతే నీటిలోనే విషం లేదా ఆక్సిజన్ లేమి. నత్తలు, రొయ్యలు పోయి చేపలు బతికితే రాగి, లేదా ఉప్పదనంలో హఠాత్తు మార్పు. మనిషి తాగే నీటిలో రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకపోవడం మేలని, తప్పనిసరైతే 1.5 దాకా ఉండవచ్చని ప్రమాణం చెబుతుంది. రొయ్యకు అందులో చాలా కొద్ది భాగమే ప్రాణాంతకం. చేపలు మాత్రమే పోతూ, నత్తలు గాజు మీద హాయిగా పాకుతూ, అమ్మోనియా సున్నా చూపిస్తుంటే పరాన్నజీవిని అనుమానించాలి.

వారాల తర్వాత మొదలయ్యే చావులు

తెల్లమచ్చల రోగం కలిగించే జీవి పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్, ఆ పేరు 1951లో పెట్టారు. దాని బతుకు చక్రం తెలిస్తే సగం వైద్యం తెలిసినట్టే. చేప చర్మం కింద, మొప్పల్లో 3 నుంచి 7 రోజులు తిని బలుస్తుంది. అప్పుడు కనిపించేవే ఉప్పురవ్వల్లాంటి మచ్చలు. తర్వాత రాలిపోయి ఇసుక మీద, రాళ్ల మీద గట్టి పెంకు కట్టుకుంటుంది. మచ్చలు పోయాయి కదా అని మనం సంతోషించేది ఈ రోజుల్లోనే. పెంకు లోపల ఒకటి చీలి చీలి దాదాపు 200 పిల్లలవుతుంది.

ఒక చేప మీద 20 మచ్చలే ఉన్నాయనుకోండి. 20 × 200 = 4,000. 50 లీటర్లకు పంచితే ప్రతి లీటరులో 80. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. సముద్రంలో అయితే వాటిలో చాలా వాటికి చేప ఎదురే పడదు. 50 లీటర్ల తొట్టిలో చేపకు తప్పించుకునే చోటు లేదు. అందుకే మొదటి విడతలో నాలుగు మచ్చలు, రెండు మూడు వారాలకు రెండో విడతలో వందలు. మందు వేయగానే తగ్గింది, మళ్లీ ఎందుకొచ్చిందో తెలియదు అనే మాట వెనక ఉన్నది ఇదే. మందు వేయకపోయినా మచ్చలు రాలిపోయేవే.

వెల్వెట్ అనే రోగం ఇంకా వేగం. దాన్ని తెచ్చే అమైలోడినియం ఒకటి 256 వరకూ పిల్లలవుతుంది, ముందు మొప్పలనే పట్టుకుంటుంది. ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు కనిపించేలోపే చేప ఊపిరాడక చనిపోతుంది. క్లౌన్ చేపలకు ప్రత్యేకంగా వచ్చే బ్రూక్లినెల్లాలో ఒంటి నుంచి తెల్లటి జిగురు పొరలుగా ఊడుతుంది, అది మొదలైతే మీ చేతిలో ఉన్నది ఒకటి రెండు రోజులు. ఈ మూడింటినీ పసిగట్టడానికి నేను నమ్మే కొలత మొప్పల లెక్క. చేప ఆరోగ్యంగా ఉన్న రోజున 30 సెకన్లలో మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకుంటాయో రాసి గోడకు అంటించండి. అది రెట్టింపయితే మచ్చలు కనిపించకపోయినా ఆ రోజే కదలాలి.

దుకాణాల్లో ఇచ్చే నీలిరంగు మందు మెథిలీన్ బ్లూ ఇసుకలోని పెంకుల్ని ఏమీ చేయలేదు. పైగా అమ్మోనియాను తినే బాక్టీరియాను దెబ్బతీస్తుంది. అప్పుడు పరాన్నజీవి కష్టానికి అమ్మోనియా తోడవుతుంది. పదో రోజు ఖాళీ అయిన తొట్లలో ఇలాంటివీ ఉంటాయి.

సరైన వైద్యం ఎప్పుడూ విడి తొట్టిలోనే. తెల్లమచ్చకు రాగి మందు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య వారాల తరబడి నిలకడగా ఉండాలి. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప పోతుంది. రోజూ కొలవకుండా రాగి వాడకూడదు. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చేస్తాయి కాబట్టి విడి తొట్టిలో అవేవీ ఉండకూడదు. తెల్లమచ్చకు ఇంకో దారి, ఉప్పదనాన్ని మెల్లగా 16 పీపీటీకి లోపు దించి మూడు నాలుగు వారాలు అక్కడే ఉంచడం. వెల్వెట్‌కు ఇది పనిచేయదు, అది అంతకన్నా పలచని నీటిలోనూ బతుకుతుంది.

వారాల తర్వాత, మచ్చ లేకుండా, అమ్మోనియా లేకుండా చిక్కిపోతూ చనిపోయే చేపలు కొన్ని ఉంటాయి. మాండరిన్ చేపలాంటివి కంటికి కనిపించని చిన్న జీవుల్ని మాత్రమే తిని, గుళికలు ముట్టక ఆకలితో పోతాయి. 1960లలో ఫిలిప్పీన్స్‌లో మొదలైన, సయనైడ్‌తో మత్తెక్కించి పట్టే వేటలో దొరికిన చేప పైకి బాగానే కనిపించి రోజుల్లోనో వారాల్లోనో పోవచ్చు. ఇంట్లో దాన్ని కనిపెట్టే పరీక్ష లేదు. అందుకే చేప ఎక్కడిదో అడిగి కొనండి, మీ ఎదురుగా గుళిక తిని చూపించిన చేపనే తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతుల్ని రూపొందించి ఏళ్లు గడిచాయి. హేచరీ చేప గుళికలకు అలవాటుపడి వస్తుంది, సయనైడ్ చూసి ఉండదు.

తెల్లమచ్చ వచ్చిన అసలు తొట్టిని చేపలు లేకుండా ఖాళీగా ఉంచాలి. పెంకులు 72 రోజుల దాకా పొదిగినట్టు పరిశోధకులు నమోదు చేశారు, అంతకన్నా తొందరపడితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. నత్తలు, రొయ్యలు ఉండొచ్చు, వాటిని ఇది పట్టదు. బాక్టీరియా పస్తు పడకుండా మూడు నాలుగు రోజులకోసారి చిటికెడు మేతో, కాస్త అమ్మోనియం క్లోరైడో వేస్తూ ఉండాలి. తొట్టిలో వాడిన వల, బకెట్టు, చేతులు కూడా విడి తొట్టికి తగలకూడదు, తడి చుక్కతోనే రోగం దాటుతుంది. విడి తొట్టి ఖాళీగా ఉంటే, కొత్త చేపల్ని 42వ రోజున కొని, రోగం ఉందేమో చూడటానికి ముందు అందులోనే ఉంచండి. వాటి 30 రోజుల క్వారంటైన్, అసలు తొట్టి 72 రోజులు ఒకే రోజున ముగుస్తాయి.